జీతం లేని కొలువులో ఇరవై ఏళ్లు.. ఫుట్‌బాల్‌కు బాట వేసిన రహీం మాస్టారు

ఉదయగిరి, ఆత్మకూరు: సంక్రాంతి వచ్చిందంటే మెట్ట మండలాల్లో పాఠశాల మైదానాలకు కళ వస్తుంది. ఉదయగిరి కొండ కింద నుంచి దుత్తలూరు, వింజమూరు, మర్రిపాడు మీదుగా ఆత్మకూరు, అనంతసాగరం వరకు యువజన సంఘాలు వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ పోటీలు పెడతాయి. గెలిచిన జట్టు ఫొటో పత్రికలో వస్తుంది. బహుమతి ఇచ్చిన దాత పేరూ వస్తుంది. చీకటితో లేచి రాళ్లేరి సున్నపు గీతలు గీసినవారి పేరు, పొద్దంతా ఎండలో ఈల పట్టుకుని రెండు ఊళ్ల తగవు తీర్చినవారి పేరు మాత్రం రాదు. ఆట నడిచేది వారివల్లనే. జీతం లేదు, భత్యం లేదు, తీర్పు నచ్చనివారి మాటలు మాత్రం పడాలి.

ఇలాంటి పని ఇరవై ఏళ్లపాటు చేసి, దాని మీదనే దేశానికి రెండు ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిన ఉపాధ్యాయుడు ఒకరు మన తెలుగు రాష్ట్రాల గడ్డపై ఉండేవారు. ఆయన హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకు రహీం సాహెబ్. 2024లో విడుదలైన మైదాన్ అనే హిందీ చిత్రంతో ఆయన పేరు కొత్త తరానికి మళ్లీ తెలిసింది. అజయ్ దేవగణ్ ఆయన పాత్ర పోషించారు. ఆ చిత్రం ప్రధానంగా 1952 నుంచి 1962 వరకు జరిగిన కథ. ఆ పదేళ్లకు పునాది పడింది మాత్రం అంతకు ముందు, బడి వదిలిన తర్వాతి సాయంకాలాల్లో. మెట్టలో ఫుట్‌బాల్ అంతగా వేళ్లూనిన ఆట కాదు. అయినా ఊరి మైదానం బాధ్యత మీద వేసుకున్న ప్రతి ఒక్కరికీ ఆయన జీవితంలో పనికివచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

పలక పట్టిన చేయి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అప్పటికి అది నిజాం సంస్థానం. మన నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. ఆయన చదువు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సాగింది. 1918లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో జరిగేది. అక్కడ విద్యార్థిగా ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. తర్వాత స్థానిక లీగులో పేరున్న ఖమర్ క్లబ్బు తరఫున ఆడారు. మంచి ఆటగాడే. కానీ ఆటగాడిగా ఆయనకు దేశవ్యాప్త కీర్తి రాలేదు. రావాల్సిన కీర్తి మరో దారిలో వచ్చింది.

పట్టా పుచ్చుకుని ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. చివరి రెండు పాఠశాలల్లో ఆటల బాధ్యత కూడా చూసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన పేరు ప్రతిష్ఠలన్నింటికీ మూలం ఈ బడి పాఠమే. పాఠం చెప్పడం తెలిసినవాడు కనుకనే ఆటను కూడా పాఠంగా విడదీసి, మెట్టు మెట్టుగా నేర్పగలిగారు. గొప్ప ఆటగాళ్లందరూ గొప్ప శిక్షకులు కాలేకపోవడానికి, ఒక మామూలు ఆటగాడు కాగలగడానికి కారణం వెతికితే అక్కడే దొరుకుతుంది.

సంఘం కార్యదర్శిగా..

హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం 1939లో ఏర్పడింది. 1943లో దానికి కొత్త కార్యవర్గం వచ్చింది. అధ్యక్షుడు ఎస్.ఎం.హాదీ. టెన్నిస్‌లో డేవిస్ కప్ ఆడి, క్రికెట్‌లో రంజీ ట్రోఫీ తొలి శతకం కొట్టిన ఘనుడాయన. అనేక ఆటల్లో ఆరితేరినందుకు జనం ఆయనను రెయిన్‌బో హాదీ అని పిలిచేవారు. కార్యదర్శిగా రహీం ఎన్నికయ్యారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై నాలుగేళ్లు. ఆ పదవిలో కన్నుమూసే వరకు కొనసాగారు.

ఆటల సంఘం కార్యదర్శి అంటే ఏమిటో, ఊళ్లో చిన్న టోర్నమెంటు నడిపినవారికి కూడా తెలుసు. అది జీతమిచ్చే ఉద్యోగం కాదు. జట్ల పేర్లు నమోదు చేసుకోవాలి. ఏ జట్టు ఏ రోజు ఎవరితో ఆడాలో పట్టిక వేయాలి. మైదానం అడిగి తెచ్చుకోవాలి. రిఫరీలను సమకూర్చాలి. ఓడినవారు ఫిర్యాదు రాస్తే విచారించాలి. ఒక క్లబ్బు ఆటగాడిని మరో క్లబ్బు లాక్కుంటే మధ్యవర్తిత్వం చేయాలి. బయటి పోటీలకు జట్టును పంపాలంటే ప్రయాణ ఖర్చులు పుట్టించాలి. రిజిస్టర్లు, రశీదులు, ఉత్తరాలు సరేసరి. వీటిలో ఒక్కటి కూడా ప్రేక్షకుడి కంటికి కనిపించదు. కార్యదర్శి ఒక వారం పడకేస్తే మాత్రం లీగు ఆగిపోతుంది.

ఆయన ఆ కుర్చీలో ఉన్న కాలం మామూలు కాలం కాదు. కార్యదర్శి అయ్యేనాటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం రావడంతో నిజాం పాలన ముగిసింది. ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రం. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. నెల్లూరు, హైదరాబాదు ఒకే రాష్ట్రంలోకి వచ్చింది ఆ రోజే. మూడు పాలనలు మారాయి, జెండాలు మారాయి. సంస్థానంలో వెలుగొందిన చాలా సంస్థలు ఆ కుదుపులో చెదిరిపోయాయి. ఫుట్‌బాల్ లీగు మాత్రం చెదరలేదు. నిజానికి హైదరాబాద్ ఫుట్‌బాల్ ఉచ్ఛదశ మొదలైంది 1948 తర్వాతే. దానికి ఒకే మనిషి కారణమనడం అతిశయోక్తి కావచ్చు. అయితే ఆ మార్పులన్నింటి గుండా అదే బల్ల ముందు కూర్చుని అదే పని చేసిన మనిషి ఒకరుండటం చిన్న విషయం కాదు.

నియమం మార్చారు.. ఆట మారింది

రహీం చేసిన పనుల్లో మన ఊళ్ల నిర్వాహకులు నిలబడి చూడాల్సింది ఇదే. ఆయన కుర్రాళ్లకు మామూలు పోటీలతో పాటు విచిత్రమైన నియమాలతో కొన్ని పోటీలు పెట్టారు.

ఒక రకం పోటీలో బంతిని ఎవరూ తమ కాళ్ల దగ్గరే తిప్పుకుంటూ పోకూడదు. ఆటగాళ్లు డ్రిబ్లింగ్ అనే విద్య అక్కడ నిషిద్ధం. బంతి అందగానే తోటివాడికి అందించాల్సిందే. మన మైదానాల్లో ఏ ఆట చూసినా చేతివాటం ఉన్న కుర్రాడు ఒకడుంటాడు. బంతి వాడి దగ్గరకు వెళ్తే మళ్లీ మరొకరికి రాదు. ముగ్గురిని తప్పించి నాలుగోవాడికి చిక్కి పోగొట్టుకుంటాడు. చప్పట్లు వాడికే. మిగిలిన పదిమంది చూస్తూ నిలబడతారు. ఆ కుర్రాడిని తిడితే వాడు మానుకోడు. నియమమే అలా ఉంటే మాత్రం మానక తప్పదు. బంతి రాకముందే తలెత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. బంతి లేనివాడు ఖాళీ చోటుకు పరుగెత్తాలి. రెండు వారాలు అలా ఆడితే పదకొండు మంది వ్యక్తులు ఒక జట్టు అవుతారు.

మరో రకం పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడికి ఎడమకాలు, ఎడమకాలి వాటం ఉన్నవాడికి కుడికాలు. మొదట్లో బంతి ఒక దిక్కుకు, తన్ను ఒక దిక్కుకు పోయి చూసేవారికి నవ్వు వస్తుంది. కానీ ఒకే కాలితో ఆడేవాడిని ప్రత్యర్థి ఇట్టే పసిగడతాడు. ఆ వైపు అడ్డుపడితే చాలు, వాడి పని అయిపోతుంది. రెండు కాళ్లూ పలికేవాడిని పట్టడం కష్టం. ఇది పెద్దయ్యాక అలవడే విద్య కాదు. పన్నెండు, పద్నాలుగేళ్ల వయసులో పడితేనే పడుతుంది. చేతిరాతలాంటిదే. రహీం ఉపాధ్యాయుడు కనుక ఆ సంగతి ఎరుగుదురు.

ఈ పోటీలకు అదనంగా పైసా ఖర్చు లేదు. అదే బంతి, అదే మైదానం, అవే గోలుకర్రలు. మారింది నియమం ఒక్కటే. సామగ్రి లేదని, నిధులు రాలేదని ఆటలు ఆగిపోయే చోట ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది. కబడ్డీలో ప్రతి కూతకూ కొత్తవాడే వెళ్లాలన్నా, వాలీబాల్‌లో మూడు తాకుళ్లు పూర్తయ్యాకే బంతి అవతలికి వేయాలన్నా అలాంటి మేలే జరుగుతుంది. బహుమతి మొత్తం పెంచడం మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు నియమం మీద పెడితే చాలు.

ఆటగాడిని వెతికి తెచ్చుకోవడం

సికింద్రాబాద్ వద్ద అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామ్ తర్వాతి కాలంలో దేశం గర్వించిన ఫార్వర్డ్. ఆ కుర్రాడి ఆట ఒక మ్యాచ్‌లో రహీం కంటపడింది. ఎంపికకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాదు రావడానికి డబ్బు లేదన్నాడు కుర్రాడు. రహీం సైకిలుకు ఏర్పాటు చేశారు. ఈ సంగతిని బలరామ్ పెద్దయ్యాక ఎన్నోసార్లు తలచుకున్నారు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లలో ఆడి, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించిన ఆయన 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

సైకిలు చిన్న విషయంగా కనిపిస్తుంది. సీతారామపురం నుంచో, వరికుంటపాడు నుంచో నియోజకవర్గ స్థాయి ఎంపికలకు రావాల్సిన పిల్లల తల్లిదండ్రులను అడిగితే ఎంత పెద్ద విషయమో చెబుతారు. ఆటలో వెనుకబడి ఇంటికి పోయే పిల్లలకన్నా బస్సు దగ్గరే ఆగిపోయే పిల్లలు ఎక్కువ. ప్రతిభను గుర్తించడం సగం పని. దాన్ని మైదానం దాకా చేర్చడం మిగతా సగం.

పోలీసు జట్టు దండయాత్ర

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత చేపట్టారు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడి బతికే వీలు లేదు. పోలీసు, రైల్వే, సైన్యం వంటి శాఖలు ఉద్యోగమిస్తేనే ఆటగాడికి కడుపు నిండేది. అంతకు ముందు నార్బర్ట్ ఫ్రూవాల్ తీర్చిదిద్దిన ఆ జట్టుకు రహీం కొత్త పదును పెట్టారు.

అదే ఏడాది ఢిల్లీలో డ్యూరాండ్ కప్ తుదిపోరులో కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్‌తో తలపడి, రెండు గోలుల వెనుకబాటు నుంచి కోలుకుని సమం చేశారు. మళ్లీ ఆడిన మ్యాచ్‌లో 1-0తో కప్పు గెలుచుకున్నారు. 1954, 1957, 1961లలోనూ అదే కప్పు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ అయితే 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు హైదరాబాదుకే వచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో వరుసగా రెండుసార్లు హైదరాబాద్ గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజుల్లో ఇది దేశాన్ని ఆశ్చర్యపరిచింది.

గెలుపు వెనుక కొత్త ఎత్తుగడలు లేకపోలేదు. మైదానంలో ఆటగాళ్లను నిలిపే తీరులో రహీం తన కాలానికన్నా ముందున్నారు. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్‌తో లోకానికి తెలిసిన నాలుగు, రెండు, నాలుగు పద్ధతి వైపు ఆయన ముందే మొగ్గారు. అయితే పద్ధతి కాగితం మీద గీస్తే పారదు. బంతిని ఆపకుండా అందించగల కాళ్లు, రెండు వైపులా తన్నగల కాళ్లు కావాలి. ఆ కాళ్లు తయారైంది ఆయన నడిపిన స్థానిక పోటీల్లోనే.

న్యూఢిల్లీ నుంచి మెల్‌బోర్న్ దాకా

1951లో తొలి ఆసియా క్రీడలు న్యూఢిల్లీలో జరిగాయి. భారత ఫుట్‌బాల్ జట్టుకు రహీం శిక్షకుడు. సైలెన్ మన్నా నాయకుడు. ఇండోనేషియాను, అఫ్గానిస్థాన్‌ను 3-0 తేడాతో ఓడించి, మార్చి 10న జరిగిన తుదిపోరులో మేవాలాల్ చేసిన ఒకే ఒక్క గోలుతో ఇరాన్‌పై నెగ్గి భారత్ బంగారు పతకం అందుకుంది.

మరుసటి ఏడాదే నేలకు దిగాల్సి వచ్చింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి. మన ఆటగాళ్లలో ఎక్కువమంది అలవాటు ప్రకారం బూట్లు లేకుండానే ఆ చలిదేశపు మైదానంలోకి దిగారు. వట్టి కాళ్లతో ఆడటం మనకు గొప్పగా ఉండేది. ఆ ఓటమితో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఎర్రనేల మీద వట్టి కాళ్లతో పెరిగిన కుర్రాడికి బూటు తొడిగితే మొదటి వారం నడకే మరచిపోతాడు. అంతర్జాతీయ స్థాయికి వెళ్లే రోజున కాక, బడి వయసులోనే అలవాటు చేయాల్సిన సంగతి అది. సౌకర్యం లేకపోవడాన్ని పౌరుషంగా చెప్పుకోవడం మనలో పాత అలవాటు. దానికి హెల్సింకిలో మూల్యం చెల్లించాం.

నాలుగేళ్ల తర్వాత 1956లో మెల్‌బోర్న్. హంగరీ జట్టు రాకపోవడంతో తొలి రౌండు దాటిన భారత్ తర్వాతి మ్యాచ్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ నిలిచింది. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. ముందు గోలు చేసింది మనవాళ్లే. చివరకు 4-1తో ఓడారు. కాంస్యం కోసం జరిగిన పోరులో బల్గేరియా 3-0తో గెలవడంతో నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో బలరామ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, లతీఫ్ ఇలా హైదరాబాదు గల్లీల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఒక నగర లీగు ఒక దేశపు ఒలింపిక్ జట్టుకు ఇంతమందిని ఇవ్వడం మామూలు విషయం కాదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1గా సమం చేసి, పెరూ చేతిలో 3-1తో ఓడారు. అక్కడ మరో విశేషం. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఆ జట్టు సభ్యుడు. మైదానంలోకి దిగే అవకాశం మాత్రం ఆయనకు రాలేదు. జట్టును నడిపేది కన్నతండ్రే. గ్రామ స్థాయి పోటీల్లో కూడా నిర్వాహకుల పిల్లలు, బంధువుల పిల్లలు జట్టులో ముందుంటారన్న విమర్శ వినిపించే రోజుల్లో ఈ విషయం చెప్పుకోదగింది. హకీం తర్వాత వాయుసేన అధికారిగా, అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా పేరు తెచ్చుకుని 2021 ఆగస్టులో మరణించారు.

జకార్తాలో చివరి పాఠం

1962 ఆగస్టులో ఆసియా క్రీడలకు జట్టుతో జకార్తా వెళ్లేనాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గట్టెక్కారు.

మైదానం బయటి పరిస్థితి మరీ దారుణం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడా ప్రముఖుడు జి.డి.సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం భారతీయులపై మండిపడ్డారు. సెప్టెంబరు 4న తుదిపోరుకు నిండిన స్టేడియం మొత్తం మన జట్టును ఎగతాళి చేసింది. పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం గ్యాలరీలో కూర్చుని భారత్‌కు అండగా అరిచారని ఆనాటి ఆటగాళ్లు చెప్పుకునేవారు.

జట్టు పరిస్థితీ అంతంత మాత్రమే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్ కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే లేచారు. రహీం వీరిద్దరినీ పక్కన పెట్టలేదు. జర్నైల్‌ను వెనుక వరుస నుంచి తీసి ముందు వరుసలో ఆడించారు. తంగరాజ్‌ను గోలు ముందు నిలబెట్టారు. ప్రత్యర్థి, తొలి మ్యాచ్‌లో ఓడించిన కొరియానే. పి.కె.బెనర్జీ ఒక గోలు, తలకు కట్టు ఉన్న జర్నైల్ మరో గోలు. 2-1తో విజయం. నాయకుడు చునీ గోస్వామి. యూసుఫ్ ఖాన్, అఫ్జల్ వంటి హైదరాబాదీలూ ఆ జట్టులో ఉన్నారు. గాయపడినవాడు ఏ స్థానంలో పనికొస్తాడో, కోలుకున్నవాడు ఎంత వరకు నిలబడగలడో అంచనా వేయడానికి ఏళ్ల తరబడి కుర్రాళ్లతో గడిపిన అనుభవం కావాలి. అది పుస్తకంలో దొరికేది కాదు.

ఆ తర్వాత ఆయన ఎంతోకాలం బతకలేదు. 1963 జూన్ 11న హైదరాబాదులో తుదిశ్వాస విడిచారు. వయసు యాభై మూడేళ్లు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం అప్పటికి పుట్టనే లేదు. అది మొదలైంది 1985లో.

వారసులు లేని బల్ల

రహీం పోయిన తర్వాత కొంతకాలం ఆ వేగం నిలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మళ్లీ గెలవలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం సాధించిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్. శిక్షకుల్లో ఒకరు రహీం శిష్యుడైన పి.కె.బెనర్జీ. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివారు వచ్చారు. వారూ మేటి ఆటగాళ్లే. కానీ ఒకే నగరం నుంచి అరడజను మందికి పైగా ఒలింపిక్ జట్టులోకి వెళ్లే రోజు తిరిగి రాలేదు. దేశం సంగతి చూసినా అంతే. 1960 తర్వాత 2024 పారిస్ వరకు ఏ ఒలింపిక్స్‌లోనూ భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు అడుగుపెట్టలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారు పతకం 1962 తర్వాత అందలేదు.

కారణాలు అనేకం. ఇతర దేశాలు వృత్తి ఫుట్‌బాల్‌తో ముందుకు దూసుకుపోయాయి. క్రికెట్ జనాన్ని లాక్కుంది. నగరంలో ఖాళీ స్థలాలు భవనాలయ్యాయి. వీటితో పాటు ఇంకొకటి కూడా ఉంది. శిక్షకుడి స్థానంలోకి కొత్త శిక్షకుడిని తేవచ్చు. లీగు పట్టిక వేసి, కుర్రాళ్ల పోటీలు కనిపెట్టి, సైకిలుకు డబ్బు సర్దుతూ ఇరవై ఏళ్లు కూర్చునే కార్యదర్శిని నియామక పత్రం ఇచ్చి తేలేం. రహీం ఆ పని అంతా తన భుజాల మీదే వేసుకున్నారు. తన తర్వాత ఆ బల్ల ముందు కూర్చునేవారిని తయారు చేయడానికి ఆయనకు ఆయుష్షు చాలలేదు. ఆయనను ఎంత మెచ్చుకున్నా, ఒక్కరి మీదే నడిచే వ్యవస్థకు ఉండే ఈ లోటును కూడా చెప్పుకోవాలి.

మెట్ట పల్లెల్లో ఇది రోజూ కనిపించే కథే. ఊళ్లో ఆటలు నడిపే పీఈటీ బదిలీ అవుతారు. యువజన సంఘం నడిపే కుర్రాడు ఉద్యోగం కోసం హైదరాబాదుకో, బెంగళూరుకో, చెన్నైకో వెళ్తాడు. ఆ మరుసటి సంక్రాంతికి వాలీబాల్ స్తంభాలు ఉంటాయి, వల ఉండదు. వల ఎవరి ఇంట్లో ఉందో ఎవరికీ తెలియదు. ఇద్దరు ముగ్గురు కలిసి పని పంచుకున్న ఊళ్లలో మాత్రం ఒకరు వెళ్లినా ఆట ఆగడం లేదు. ఒకరు సామగ్రి చూసుకుంటారు, ఒకరు లెక్క రాస్తారు, పదో తరగతి పిల్లల్లో ఒకరిద్దరికి రిఫరీ ఈల అప్పగిస్తారు.

పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి 2020లో నెలన్నర వ్యవధిలో కన్నుమూశారు. రోమ్, జకార్తా జట్లలో ఆడినవారిలో ఇప్పుడు మిగిలినవారు చాలా తక్కువ. రహీం పనిచేసిన చాదర్‌ఘాట్, కాచిగూడ ప్రాంతాలు హైదరాబాదులో నేటికీ రద్దీగా ఉంటాయి.